తొమ్మిదో సంచి
(‘వంతు నీళ్లు’ నవల, పద్నాలుగో భాగం)

పోయిన వారం మనం మస్తూరాను టీ కెటిల్ ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పట్నంలోని మట్టి పరీక్షల కేంద్రం నుంచి వచ్చిన జమీరా ఆమెకు ఎదురుగా అరుగు మీద ఉంది. జమీరా ఒడిలో ఒక మడిచిన కాగితం ఉంది. అందులో ఏముందో చెప్పబోతే మస్తూరా చెయ్యెత్తి ఆపింది. "ముందు టీ," అంది. మొదటి పియాలా ఖాళీ అయ్యేదాకా ఆ ఇంట్లో ఏ వార్తా నోరు దాటకూడదు, మస్తూరా అత్తగారి కాలం నుంచీ అంతే. అయితే ఈ రోజు ఆమె దాన్ని అంత పట్టుగా పాటించింది మర్యాద కోసం కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈ వారమే మనతో చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. పన్నెండేళ్ల కిందట సారిక్‌సోయ్ ఊరి కాలువ నెర్రెలిచ్చిన వేసవిలో, నలభై ఇళ్లకు నీటి వంతులు వేసే మీరాబ్ తుర్ఘున్ ఒక పని చేశాడు. కొండ మొదట్లో ఉన్న సీసం కర్మాగారపు మురుగు కాలువకు పారతో గండి కొట్టి, ఆ నీళ్లను ఊరి కాలువలోకి తిప్పాడు. కొండలో కొత్త ఊట దొరికిందని ఊరికి చెప్పాడు. ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. కర్మాగారం మూతపడేదాకా, ఏడేళ్ల పాటు ఆ నీళ్లే పారాయి. అసలు సంగతి తెలిసింది ఆయన భార్య మస్తూరాకు ఒక్కదానికే. ఆమె చేత వేడి రొట్టె మీద చెయ్యి వేయించి, ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించుకున్నాడు. మూత్రపిండాలు పాడై ఆయన పోయి మూడేళ్లయింది. ప్రమాణం మాత్రం ఆమె గొంతులో అలాగే ఉండిపోయింది.

మస్తూరా కెటిల్‌లోంచి పియాలాలోకి టీ వంచింది, మళ్లీ కెటిల్‌లోకి పోసింది. అలా మూడుసార్లు తిరగబోస్తే ఆకు దిగుతుంది. ఆమె నాలుగోసారి పోసింది, అయిదోసారి పోసింది.

"ఖోలా, టీ ఎప్పుడో దిగిపోయింది. ఇంక చేదెక్కుతుంది," అంది జమీరా నవ్వుతూ. పిన్ని వరసైన పెద్దావిడను ఆ వైపు ఖోలా అంటారు.

"చేదైతేనేం, ఒంటికి మంచిది," అని మస్తూరా పియాలాలో సగానికి పోసి ఇచ్చింది. అతిథికి నిండా పోస్తే తాగి వెళ్లిపొమ్మన్నట్టు. ఆమెకు జమీరా వెళ్లిపోవాలనే ఉంది, కానీ చెయ్యి అలవాటు తప్పలేదు.

వాకిట్లో అవతలి మూల తందూరు దగ్గర కోడలు ఖుమోర్ రొట్టెలు కొడుతోంది. ఆమెకు ఏడో నెల. పొట్ట అడ్డం రాకుండా పక్కకు తిరిగి వంగి, తడిపిన పిండిని లోపలి గోడకు చరిచి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. ఆమె మొగుడు ఎల్ముర్‌ రష్యాలో ఇళ్ల కట్టుబడి పనిలో ఉన్నాడు. పోయిన అక్టోబరులో వెళ్తూ అతను కొరికిన రొట్టె, తిరిగొచ్చి మిగతాది తినాలని, ముందు గదిలో మేకుకు వేలాడుతోంది.

"ఇన్ని రొట్టెలు ఎవరికి?" అడిగింది జమీరా.

మస్తూరాకు ప్రాణం లేచొచ్చింది. కూతురి మాట వస్తే చాలు. "మా ఓయ్నిసా వస్తోంది. పక్కూళ్లో ఇచ్చాం. రేపు కాలువ పూడిక తీసే రోజు కదా, ఊరంతా పార పట్టాలి. అది మట్టి మొయ్యదులే, మొయ్యనివ్వను. ఎనిమిదేళ్లకు నిలిచిందమ్మా దానికి. ఏ దర్గా వదల్లేదు, ఏ డాక్టరునూ వదల్లేదు. ఇప్పుడు అయిదో నెల. ఒకే ఏడాదిలో నాకు ఇద్దరు!" అని రెండు వేళ్లు చూపించింది.

జమీరా నవ్వలేదు. పియాలాను మెల్లగా కింద పెట్టింది, అది ఖాళీ అయింది. ఇంక ఆపడానికి మస్తూరా దగ్గర ఏ నియమమూ మిగల్లేదు.

"శరత్కాలంలో పన్నెండు సంచుల మట్టి తీసుకెళ్లాం," అంటూ జమీరా కాగితం విప్పింది. "పై పొలాలు ఫర్వాలేదు. కాలువకు దగ్గరయ్యే కొద్దీ బాగాలేదు. మీ క్యారెట్ మడి అసలు బాగాలేదు ఖోలా. సీసం ఉంది, కాడ్మియం ఉంది. ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు."

"సీసమంటే తుపాకీ గుండ్లు పోసేదేగా? మా క్యారెట్లలోకి ఎక్కడినుంచి వస్తుంది?" అంది మస్తూరా. అడుగుతున్నప్పుడే తన గొంతు తనకు దొంగ గొంతులా వినిపించింది.

"నీళ్లతో."

"నీళ్లు శుభ్రంగానే ఉన్నాయని క్రితంసారి నువ్వేగా చెప్పావ్."

"ఇప్పటి నీళ్లు శుభ్రమే. పాత నీళ్లు పోయాయి, అవి మోసుకొచ్చింది పోలేదు."

"అయితే కడిగేద్దాం. చలికాలం మడి నిండా నీళ్లు నిలిపి ఉప్పు దించట్లా? రెండు కడుగులు ఎక్కువ పెడితే సరి."

జమీరా తల అడ్డంగా ఊపింది. "ఉప్పు కరుగుతుంది. ఇది కరగదు, మట్టిని పట్టుకుని కూర్చుంటుంది. ఆ నీళ్లతో కడిగిన ప్రతి చలికాలం పొలం శుభ్రమవుతోందని మీరు అనుకున్నారు. ఇంకో పొర వేశారంతే."

ప్రతి చలికాలం తుర్ఘున్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి మడి మడికీ గట్టు సరిచేసేవాడు. కాళ్లు నీలంగా బిగుసుకుపోయి ఇంటికొచ్చేవాడు. "పొలానికి తలంటాను," అనేవాడు. మస్తూరా వేడినీళ్లు పోసేది. ఆ మాట గుర్తొచ్చి ఆమె కళ్లు గోడకు ఆనించిన ఆయన పార వైపు వెళ్లాయి. సరిగ్గా అప్పుడే గోడ అవతల, కాలువలో ఎవరో కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. ముందు ఒక కాలు, తర్వాత ఇంకోటి, తర్వాత రెండు పొడి దగ్గులు. లోపలికి వచ్చే ముందు ఆయన ఎప్పుడూ అలాగే దగ్గేవాడు.

పూడిక తియ్యడం కోసం కాలువ కట్టేసి పది రోజులైంది. అందులో చుక్క నీరు లేదు.

"ఖోలా? వింటున్నారా?"

"వింటున్నా, చెప్పు."

"అసలు సంగతి ఇంకా చెప్పలేదు. తొమ్మిదో సంచి." జమీరా గొంతు తగ్గించింది. "పన్నెండింటిలో అన్నిటికంటే ఘోరంగా ఉంది అది. మీ క్యారెట్ మడి కూడా దాని ముందు బలాదూర్. కానీ అది పొలం మట్టి కాదు. నేను తవ్వింది కాదు. నా సంచుల మధ్య ఎవరో పెట్టారు. లోపల చీటీ మీద ‘మా ఇంటి మట్టి’ అని రాసి ఉంది. తెరిచి చూస్తే బొటనవేలంత బెడ్డలు. జల్లెడ పట్టి, పిసికి, కాల్చినవి."

ఆ బెడ్డలు మస్తూరాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాయి?

కడుపుతో ఉన్న ఆడవాళ్లకు మట్టి మీద మనసవడం ఆ వైపు వింతేమీ కాదు. బజారులో ఎండు ద్రాక్ష పక్కనే కెసక్ అమ్ముతారు, ఉప్పగా ఉండే మట్టిబెడ్డలు. కానీ బజారు కెసక్ ఎవరిక్కావాలి, మస్తూరా కెసక్ దొరుకుతుంటే? కాలువ మొదట్లో నీళ్లు తేరుకునే గుంట ఒకటుంది. పూడిక తీసే రోజున ఆ గుంట అడుగు మట్టి మీరాబ్ ఇంటి హక్కు. వెన్నలా ఉంటుంది, చేతికి ఇసుక తగలదు. దాన్ని మస్తూరా మిద్దె మీద ఆరబెట్టి, దంచి, పల్చటి గుడ్డలో రెండుసార్లు జల్లించి, బెడ్డలు చేసి, రొట్టెలు దించాక మిగిలిన తందూరు వేడిలో కాలుస్తుంది. తొలి వాన వాసన వస్తుంది. నాలుగూళ్ల కోడళ్లు అడిగి పట్టుకెళ్లేవాళ్లు, ఆమె తలెత్తుకుని ఇచ్చేది.

"ఎంత మెత్తటి మట్టయితే అంత ఎక్కువ పట్టుకుంటుంది ఆ లోహం," అంది జమీరా. "ఆ బెడ్డలు చేసినవాళ్లు చాలా శ్రద్ధగా చేశారు ఖోలా. నాకు బాధేసింది అదే. మా అమ్మ కూడా నన్ను మోస్తూ కెసక్ తిన్నది. రక్తం తక్కువైతే అలా మనసవుతుంది, ఐరన్ మాత్రలు వేసుకుంటే పోతుంది. కానీ ఇది..." ఆమె కాగితం మడిచింది. "ఇది ఎవరూ తినడం లేదని చెప్పండి."

అప్పుడు తందూరు వైపు నుంచి చప్పుడైంది. కరకర. దవడ కింద ఏదో నలిగింది. ఆ శబ్దం చలికాలమంతా మస్తూరాకు సంగీతంలా ఉండేది. కోడలు తింటోంది, కడుపులో బిడ్డ అడుగుతోంది అని మురిసిపోయేది.

జమీరా తల తిప్పి చూసింది.

"ఎండు రొట్టె," అంది మస్తూరా చటుక్కున. "నిన్నటి రొట్టె ముక్కలు నములుతుంది. ఇంకెవరు తింటారమ్మా మట్టి, ఈ రోజుల్లో?"

అబద్ధం అంత సులువుగా వచ్చేసింది. పన్నెండేళ్లు మాట్లాడకుండా దాచింది. ఇవాళ నోరు తెరిచి దాచింది, అదీ కడుపులోని బిడ్డను అడ్డం పెట్టి.

జమీరా ఆమె మొహంలోకి చూసింది. తర్వాత లేచి, గోడవార పెట్టుకున్న చిన్న పార, సంచులు తీసుకుంది. "కింది మడిలో ఇంకో రెండు చోట్ల తవ్వాలి. అరగంట పడుతుంది. వచ్చాక ఇదే మాట మళ్లీ అడుగుతాను ఖోలా. అప్పుడు మీరు నాకేం చెప్తారో ఆలోచించుకోండి."

గేటు మూసుకుంది. మస్తూరా చెప్పులు కూడా వేసుకోకుండా వాకిలి దాటింది. అరవై ఒక్క ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పుల మనిషి, తందూరు దాకా పరుగున వెళ్లింది.

"ఇటివ్వు!"

ఖుమోర్ ఉలిక్కిపడి చూసింది. ఆమె చేతులకు మోచేతుల దాకా పిండి ఉంది. "ఏంటి అత్తమ్మా?"

"ఆ సంచి. నడుముకు కట్టుకున్నది. నోట్లో ఉన్నది ముందు ఊసెయ్యి! ఊసెయ్యమంటున్నానా?"

ఖుమోర్ ఊయలేదు. నోట్లోది నమిలి మింగేసి, నెమ్మదిగా నడుము దగ్గర పూల గుడ్డ సంచి ముడి విప్పి అత్తగారి చేతిలో పెట్టింది. మస్తూరా సంచిలో చెయ్యి పెట్టింది. బెడ్డల బరువు తగల్లేదు. పిడికెడు తీసి వెలుతురులో చూసింది. చదరంగా కోసి, రెండోసారి తందూరులో ఎండబెట్టిన రొట్టె ముక్కలు.

"ఇదేంటి?"

"ఎండు రొట్టె."

"మరి నేనిచ్చినవి? ప్రతి శుక్రవారం సంచి నింపుతున్నానుగా?"

"తినలేదు అత్తమ్మా. ఈసారి ఒక్కటంటే ఒక్కటి కూడా తినలేదు." ఖుమోర్ తల దించుకుంది. "మీకు చప్పుడు వినబడాలని ఇవి నములుతున్నా."

మస్తూరా పిండి పీట పక్కన నేల మీదే కూలబడింది. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో ఆమెకు తెలియలేదు. తను జమీరాకు చెప్పిన అబద్ధం నిజమని తేలింది! బతుకులో ఇంత పెద్ద వరం ఎవరికి దొరుకుతుంది? కోడలి పాదం పక్కనే ఉంటే దాన్ని రెండు చేతులా పట్టుకుంది. "నా తల్లే, నా బంగారమే," అని మాత్రం అనగలిగింది.

"లేవండి అత్తమ్మా, నాకు భయమేస్తోంది. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"అనుకోనీ." మస్తూరా కళ్లు తుడుచుకుంది. అప్పటిగ్గానీ ఆమెకు ఆ ప్రశ్న తట్టలేదు. "తొమ్మిదో సంచి నువ్వే పెట్టావు కదూ? నీకెవరు చెప్పారు, తినొద్దని?"

ఖుమోర్ తందూరులోకి చూస్తూ నిలబడింది. మంట వెలుగు ఆమె గడ్డం కింద కదులుతోంది.

"మామయ్య."

"ఏ మామయ్య?"

"మన మామయ్యే. పోయేముందు వారం. మీరు మందుల కోసం పట్నం వెళ్లిన రోజు. నేను గంజి తాగిస్తున్నా. నాకప్పుడు అయిదో నెల. మధ్యలో ఒక బెడ్డ నోట్లో వేసుకోబోయాను. చెంప మీద ఈగ వాలితే తోలుకోలేని మనిషి అత్తమ్మా, చెయ్యెత్తి నా వేళ్ల మీద కొట్టారు. బెడ్డ మంచం కిందికి పోయింది. ‘ఆ మట్టి తినకమ్మా, ఆ నీళ్లు తెచ్చింది నేనే’ అన్నారు. ఏ నీళ్లు మామయ్యా అని అడిగా. గోడ వైపు తిరిగిపోయారు. మళ్లీ మాట్లాడలేదు."

"నువ్వు నాకు చెప్పలేదే?"

"జ్వరంలో అన్నారనుకున్నా. సాయంత్రం మీరొచ్చి కొత్త బెడ్డలు చేతిలో పెట్టారు. తిన్నా. రోజూ తిన్నా. పదోది తింటుంటే పదకొండోది కావాలనిపించేది." ఆమె చేతుల పిండి దులుపుకుంది. "నా మునీస్ తొమ్మిది రోజులు ఉంది. ఊయలలో రెండుసార్లు పడుకోబెట్టామేమో, అంతే."

ఆ పాపకు ఏడో రోజున పేరు పెట్టారు, పదో రోజున ఆ పేరుతోనే మట్టి చేశారు. అప్పటినుంచి ఊయల మీద కప్పిన దుప్పటి ఎవరూ తియ్యలేదు. డాక్టర్లు గుండె బలహీనమన్నారు. ఎందుకని అడిగితే, అలా పుడతారు కొందరు అన్నారు. ఏది నిజమో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. జమీరాను అడిగినా తెలియదంటుంది.

కానీ మస్తూరా ఆ క్షణాన పాప గురించి ఆలోచించలేదు. ఆమెకు కోపం ముంచుకొచ్చింది. చచ్చినవాడి మీద కోపం. "ఆయన చెప్పాడా? నోరు విప్పి ఆయనే చెప్పాడా? నాచేత రొట్టె మీద ఒట్టేయించి, పన్నెండేళ్లు నా పేగులు నేనే నంజుకుని తినేలా చేసి, తను మాత్రం..."

ఆమె ఆగిపోయింది. ఆలస్యమైపోయింది.

ఖుమోర్ మెల్లగా తల ఎత్తింది. "ఏ ఒట్టు అత్తమ్మా?"

తందూరులో నిప్పు చిటపటలాడింది. గోడ అవతల ఎవరూ కాళ్లు కడుక్కోవడం లేదు, ఎవరూ దగ్గడం లేదు. ఆయన కూడా వింటున్నాడని మస్తూరాకు గట్టిగా అనిపించింది. ఇంకొక్క అబద్ధం చెప్పొచ్చు. ఇందాకటిది ఎంత సులువుగా వచ్చింది! కానీ ఎదురుగా ఉన్న పిల్ల మూడేళ్లుగా తన ముందు ఎండు రొట్టె నములుతూ బతుకుతోంది. కాదు, ఏడు నెలలుగా. మూడేళ్లుగా నోరు మూసుకుని బతుకుతోంది.

మస్తూరా లేచి, పీట మీది వేడి రొట్టె ఒకటి తీసుకుని రెండుగా తుంచింది. వేళ్లు కాలుతున్నా వదల్లేదు. రొట్టె మీద వేసిన ఒట్టును రొట్టె ముందే తియ్యాలని ఆమెకు అనిపించింది. అలాంటి ఆచారం ఏమీ లేదు. తనకు తోచిందంతే. ఒక ముక్క కొరికి, గొంతు దిగాక, అంతా చెప్పేసింది. కర్మాగారం గోడ, పార, గండి, ఊట అని చెప్పిన బొంకు, ఇవాళ జమీరా కాగితంలో తేలిన సీసం. ఊరు ఆయనకు శాలువా కప్పిన రోజున తను వంటింట్లో కూర్చుని ఏడ్చిన సంగతి. మొదటి ఏడాది కాలువలో కప్పలు చచ్చి తేలితే, తెల్లారేలోపు ఆయనా తనూ ఏరి పాతిపెట్టిన సంగతి కూడా.

ఖుమోర్ కదలకుండా విన్నది. చివరికి ఒక్కటే అడిగింది. "నాకు బెడ్డలు చేసిచ్చినప్పుడు మీకు తెలుసా?"

"నీళ్ల సంగతి తెలుసు. మట్టిని తలుచుకోలేదు." మస్తూరా తన మాట తనే విని ఆగింది. "తలుచుకోలేదో, తలుచుకోబుద్ధి కాలేదో. ఇప్పుడు నాకే తెలియట్లేదు బిడ్డా."

"మీరు రెండుసార్లు జల్లెడ పట్టి ఇచ్చారు అత్తమ్మా," అంది ఖుమోర్. "ఒక్క నలుసు కూడా తగిలేది కాదు. మా అమ్మ కూడా నాకోసం అంత శ్రద్ధగా ఏదీ చెయ్యలేదని ఎంత పొంగిపోయేదాన్నో."

మస్తూరా తల పట్టుకుంది. చెంప మీద కొట్టి ఉంటే ఇంతకంటే నయం. "తిట్టు నన్ను. నీకు నచ్చినట్టు తిట్టు."

"తిడితే పాప వస్తుందా?"

మాడు వాసన వచ్చింది. ఇద్దరూ మర్చిపోయిన రొట్టెలు లోపల నల్లబడుతున్నాయి. ఖుమోర్ కొక్కెం అందుకుని ఒక్కొక్కటే పీకి పీట మీద పడేసింది. మస్తూరా కూర్చుని మాడినవి ఒక పక్కకు, బాగున్నవి ఒక పక్కకు పెట్టింది. వేరే ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు.

"సరే," అంది మస్తూరా చివరికి. గొంతు కొంచెం గట్టిపడింది. "ఆ అమ్మాయి పొలం నుంచి రాగానే చెప్తాను. రేపు పారలు పట్టకముందే ఊరందరికీ చెప్తాను. మీరాబ్ పేరు మట్టిలో కలిస్తే కలవనీ. ఆ బెడ్డలు ఎక్కడ పారేశావో చూపించు ముందు. కోళ్లు పొడుస్తాయి, ఎవరి పిల్లలన్నా నోట్లో పెట్టుకుంటారు. ఏరి గొయ్యి తీసి పాతిపెడదాం. చలికాలమంతా ఇచ్చాను, తట్టెడు ఉంటాయి."

ఖుమోర్ కొక్కెం పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎక్కడ పారేశావే?"

"పారెయ్యలేదు."

"దాచావా? ఎక్కడ, గాదె వెనకా?"

"లేదు అత్తమ్మా." ఖుమోర్ కొక్కెం కింద పెట్టింది. "వదిన అడిగింది."

మస్తూరాకు మొదట ఆ మాట అర్థం కాలేదు. ఏ వదిన? ఈ ఇంట్లో ఖుమోర్‌కు ఒక్కతే వదిన.

"డిసెంబరులో వచ్చినప్పుడు సంచి చూసింది. ‘అమ్మ చేతి మట్టి నీకొక్కదానికేనా, నేను కూతుర్ని కానా’ అని ఎగతాళి చేసింది. ఇచ్చాను. రెండో శుక్రవారం వాళ్ల పక్కింటి పిల్లాణ్ని పంపించింది. మళ్లీ ఇచ్చాను. మీరు ఎప్పుడు నింపితే అప్పుడు."

"ఎన్నిసార్లు?"

"అన్నీ."

"నీకు భయం కలిగి నువ్వు తినలేదు. దానికి ఇచ్చావా?" మస్తూరా అరిచింది. "ఎనిమిదేళ్లకు కడుపు పండిన మనిషికి ఇచ్చావా?"

"నాకు అప్పటికి తెలియదు! భయం తప్ప ఏమీ తెలియదు. ఆ కాగితం ఇవాళేగా వచ్చింది." ఖుమోర్ మొదటిసారి గొంతెత్తింది, కన్నీళ్లు పిండి అంటిన చెంపల మీద జారుతున్నాయి. "ఇవ్వకపోతే ఎందుకని అడిగేది. ఏం చెప్పను? మీ నాన్న చచ్చిపోతూ ఇలా అన్నాడని చెప్పనా?"

"చెప్పాల్సింది!"

"మీరు చెప్పారా?"

మస్తూరా చేతిలోని మాడిన రొట్టెను పీట మీద పెట్టింది.

గేటు కిర్రుమంది. జమీరా అయి ఉంటుందని ఇద్దరూ అటు తిరిగారు. లోపలికి వచ్చింది జమీరా కాదు. ఎర్ర శాలువా, చేతిలో మూట, నడక తొట్రుపడకుండా పొట్ట కింద ఆనించుకున్న ఎడమచెయ్యి. మధ్యాహ్నం రావాల్సిన ఓయ్నిసా పొద్దున్నే వచ్చేసింది. మొహమంతా నవ్వు. బుగ్గ ఒక పక్క ఉబ్బి ఉంది.

"మాడు వాసన వీధి చివరి దాకా వస్తోంది! అత్తాకోడళ్లు రొట్టెలు కాలుస్తున్నారా, ఇల్లు తగలెడుతున్నారా?"

కరకర, ఆమె దవడ కింద ఏదో నలిగింది. మూట అరుగు మీద పెట్టి, నడుము దగ్గర వేలాడుతున్న సంచి విప్పి, తలకిందులుగా దులిపి చూపించింది. ఎర్రటి దుమ్ము రాలింది.

"చూడమ్మా, అడుగంటిపోయింది. దారంతా చివరి బెడ్డనే చప్పరిస్తూ వచ్చాను. నీ మనవడికి ఒక్క పూట ఇది లేకపోతే తన్నులే తన్నులు. కొత్తవి కాల్చావా?"